తలనొప్పి మందుతో తెలుగు పేపరు నడిపినాయన

మీ ఇంట్లో బామ్ సీసా ఎక్కడుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. టీవీ పక్కన, దేవుడి అర కింద, లేకపోతే అమ్మ దిండు దగ్గర. రోజంతా సాంచాల మధ్య నిలబడి వచ్చిన నాన్న మోకాళ్లకు అదే. బీడీలు చుట్టి చుట్టి మెడ పట్టేసిన అమ్మకూ అదే. జగిత్యాల, కోరుట్ల వైపైతే దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన గొడ్డలి మార్కు నూనె, టైగర్ బామ్ కూడా దాని పక్కన చేరి ఉంటాయి. వీటన్నిటికంటే ముందు నుంచీ మన ఇళ్లలో ఉన్న పేరు ఒకటుంది. అమృతాంజనం. ఆ కంపెనీ పెట్టింది ఒక తెలుగాయన. పెట్టింది 1893లో, బొంబాయిలో. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు.

పేరు కాశీనాథుని నాగేశ్వరరావు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ పేరును ఒక్క లైనులో బట్టీ కొట్టి ఉంటారు: ఆంధ్రపత్రిక స్థాపకుడు, బిరుదు దేశోద్ధారక. బిట్టు వస్తే టిక్కు పెట్టేస్తాం, అంతటితో మరిచిపోతాం. నేనూ అలాగే చదువుకున్నాను. ఆ లైనులో లేనిదేంటంటే, ఈయన ముందుగా ఒక మందుల వ్యాపారి. డిగ్రీ చేతిలో పెట్టుకుని మందుల షాపులో పని నేర్చుకున్న మనిషి. పేపరు, పుస్తకాలు, ఉద్యమం, జైలు అన్నీ ఆ తర్వాతి సంగతులు. వాటన్నిటి ఖర్చూ ఆ సీసాలోంచే వచ్చింది.

కృష్ణా జిల్లా వాళ్లది, సొంతూరు ఎలకుర్రు. 1867 మే 1న పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. చదువు బందరులో కొంత, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. 1891లో డిగ్రీ పూర్తయింది. విద్యార్థిగా ఉన్నప్పుడే కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని రాతల ప్రభావం ఆయన మీద పడింది. అచ్చయిన కాగితానికి మనుషుల్ని కదిలించే బలం ఉంటుందని అక్కడే తెలిసి ఉంటుంది. అప్పటికి అది తెలియడం వరకే. సొంతంగా కాగితం అచ్చు వేయించడానికి ఇంకా 17 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి 1891లో డిగ్రీ అంటే ఏంటో ఆలోచించండి. ఇప్పుడు మన జిల్లాలో బీటెక్ లేని వీధి లేదు. అప్పుడు తాలూకాకు ఒక డిగ్రీవాడు దొరికితే గొప్ప. ఆ కాగితం ఉంటే సర్కారు కొలువో, ప్లీడరు పనో, స్కూల్లో మాస్టరు పనో దాదాపు ఖాయం. చుట్టాలందరూ ఎదురు చూసేది కూడా అదే. బ్రాహ్మణ కుటుంబం, ఇంగ్లిష్ చదువు. ఆ రోజుల్లో చాలామందికి అందని రెండు మెట్లు ఆయనకు ముందే దొరికాయి. ఈ సంగతి దాచిపెట్టి ఏమీ లేని స్థాయి నుంచి ఎదిగిన కథలాగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ మెట్లు ఎక్కించే కుర్చీలో ఆయన కూర్చోలేదు. మద్రాసులో కొన్నాళ్లు వ్యాపారం చేసి చూశారు. తర్వాత కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో చేరారు. మందులు తయారు చేయడం, అమ్మడం అక్కడే నేర్చుకున్నారు.

కలకత్తానే ఎందుకు? అప్పటికి దేశ రాజధాని అదే. మందుల వ్యాపారానికి కూడా అదే రాజధాని. బటో కృష్ణ పాల్ లాంటి బెంగాలీ వ్యాపారులు తెల్లవాళ్ల కంపెనీలకు పోటీగా పెద్ద మందుల కొట్లు నడుపుతున్నారు. బర్మన్ అనే డాక్టరు 1884లో మొదలు పెట్టిన మందుల పనే ఇప్పటి డాబర్. ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రఫుల్ల చంద్ర రే 1892లో 700 రూపాయల పెట్టుబడితో, అద్దెకున్న ఇంట్లోనే మందులు చేయడం మొదలు పెట్టారు. అది బెంగాల్ కెమికల్స్ అయింది. కరోనా మొదటి నెలల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ గోల జరిగినప్పుడు వార్తల్లో వినిపించిన కంపెనీ ఇదే. అంటే మన నాగేశ్వరరావు వెళ్లిన ఊరు, వెళ్లిన కాలం ఎలాంటివంటే, ఈ రోజుల్లో కోడింగ్ వచ్చిన కుర్రాడు బెంగళూరులో దిగినట్టు.

కలకత్తా నుంచి బొంబాయి. అక్కడ విలియం అండ్ కంపెనీ అనే తెల్లవాళ్ల సంస్థలో చేరి, కష్టపడి పైకొచ్చి, దాని అధిపతి స్థాయికి చేరారు. ఆ తర్వాత సొంత దుకాణం. 1893లో అమృతాంజనం.

బొంబాయి అనగానే మీకు వేరే బొంబాయి గుర్తొస్తుందని తెలుసు. మన సిరిసిల్ల మనుషులకు బొంబాయి, భీవండి అంటే సాంచా ఉన్న ఊళ్లు. తాతల కాలం నుంచి బస్సెక్కి, రైలెక్కి పోయినవాళ్లున్న ఊళ్లు. కామాఠిపుర అన్న పేరు కూడా నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన కామాఠీ మనుషుల వల్ల వచ్చిందే. ఆ నగరం కట్టినవాళ్లలో మనోళ్లున్నారు. నాగేశ్వరరావు వెళ్లినప్పటికే అక్కడ తెలుగు మాట వినిపిస్తోంది. తెలుగు పేపరు మాత్రం లేదు.

ఇప్పుడు అసలు సరుకు సంగతి చూద్దాం. బామ్ అంటే ఏముంటుంది? మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, ఇంకా కొన్ని నూనెలు, వాటిని పట్టి ఉంచే మైనం లాంటి పదార్థం. ఇవేవీ నాగేశ్వరరావు కనిపెట్టినవి కావు. కర్పూరం వాడకం వేల ఏళ్లది. ఆయన చేసిందల్లా కొలత కుదిర్చి, ప్రతి సీసాలో ఒకే రంగు, ఒకే వాసన, ఒకే ఘాటు వచ్చేట్టు చేసి, గుర్తుండే పేరు పెట్టడం. తెలుగువాళ్లకే కాదు, మరాఠీ, గుజరాతీ, తమిళం, బెంగాలీ ఏ భాషవాళ్లకైనా నోరు తిరిగే పేరు. అమృతం అందరికీ తెలుసు, అంజనం అందరికీ తెలుసు. బ్రాండింగ్ మీద ఈ రోజు మీరు ఏ ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నా మొదటి వారంలో చెప్పేది ఇదే. ఆయనకు ఆ కోర్సు లేదు.

ఒక సరదా సంగతి. మెంథాల్ రాస్తే చల్లగా ఎందుకు అనిపిస్తుంది? చర్మం నిజంగా చల్లబడదు. చల్లదనాన్ని పసిగట్టే ఒక రిసెప్టర్ మన నరాల చివర్లలో ఉంటుంది, టీఆర్‌పీఎం8 అంటారు. మెంథాల్ దాన్ని మీట నొక్కినట్టు నొక్కుతుంది. మెదడుకు చల్లగా ఉందన్న కబురు వెళుతుంది, నొప్పి కబురు కాస్త వెనక్కి పోతుంది. ఈ రిసెప్టర్‌ను శాస్త్రవేత్తలు గుర్తించింది 2002లో. ఆ పనిలో ముందున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు వేడి, చల్లదనం, స్పర్శ మనకెలా తెలుస్తాయో కనుక్కున్నందుకు 2021లో నోబెల్ వచ్చింది. అంటే సీసా మార్కెట్లోకి వచ్చిన నూటపదేళ్ల దాకా అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. పనిచేస్తుందని మాత్రం రాసుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. బామ్ రోగాన్ని తగ్గించదు, నొప్పిని కాసేపు మరిపిస్తుంది. ఈ తేడా తెలిసే వాడాలి. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం ఉన్న బామ్ రాయకండి, అది వేరే సంగతి.

కొత్త మందును జనం ఎందుకు నమ్మాలి? 1893లో ఇది నిజంగా పెద్ద ప్రశ్న. ఎందుకంటే అప్పటికి ఈ దేశంలో మందుల చట్టమే లేదు. ఎవరైనా ఏదైనా కలిపి, సీసాలో పోసి, సర్వరోగ నివారిణి అని అమ్ముకోవచ్చు. అమ్మారు కూడా. నకిలీ మందుల బెడద ఎంత పెరిగిందంటే, చివరికి 1930లో కల్నల్ చోప్రా ఆధ్వర్యంలో విచారణ కమిటీ వేశారు. దాని ఫలితంగానే 1940లో డ్రగ్స్ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. ఈ పేజీ చదివే డీఫార్మసీ, బీఫార్మసీ వాళ్లకు ఇవి పరీక్షలో వచ్చే పేర్లే. ఇవాళ మెడికల్ షాపు పెట్టాలంటే రెండేళ్ల డీఫార్మసీ అయినా ఉండాలి. దాంతో పాటు 500 గంటల ట్రైనింగ్, ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, డ్రగ్ లైసెన్సు. గోడకు వేలాడే ఆ సర్టిఫికెట్లు చూసి మనం నమ్ముతాం. నాగేశ్వరరావు గోడకు వేలాడదీయడానికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఆయన పట్టుకున్న దారి సంగీత సభలు. కచేరీలకు వచ్చినవాళ్లకు సీసాలు ఉచితంగా పంచేవారు. ఇందులో తెలివి చూడండి. సభకు వచ్చేవాళ్లు గంటల తరబడి కూర్చుంటారు, మెడ పట్టేస్తుంది, తల బరువెక్కుతుంది. మందు అవసరమైన మనిషి, అవసరమైన వేళ, చేతిలో ఉచితంగా సీసా. పైగా వాళ్లు నాలుగు మాటలు చెప్పగలిగే, నాలుగు రూకలున్న మనుషులు. మొదట్లో సీసా ధర పది అణాలని చెబుతారు. రూపాయికి పదహారు అణాలు, అంటే అర్ధ రూపాయి పైమాటే. ఆ రోజుల్లో ఇది చిల్లర కాదు. అంత పెట్టి తెలియని సీసా ఎవడూ కొనడు. ఒకసారి రాసుకుని హాయి అనిపించినవాడు కొంటాడు. యాప్ కంపెనీలు మొదటి నెల ఫ్రీ అంటాయి కదా, ఆ లెక్కే. తేడా ఏంటంటే ఆయన వెనుక ఇన్వెస్టర్ల డబ్బు లేదు. పంచిన ప్రతి సీసా సొంత జేబు ఖర్చు.

మిగతా పని పోస్టాఫీసు, రైలు చేశాయి. 1877 నుంచే మన దేశంలో వీపీపీ ఉంది. సరుకు పోస్టులో వస్తుంది, డబ్బు పోస్ట్‌మన్‌కు ఇచ్చి విడిపించుకోవాలి. క్యాష్ ఆన్ డెలివరీ కొత్తదేమీ కాదన్నమాట. ఆ కాలం మందుల వ్యాపారులందరికీ ఇది వరం. చిన్న సీసా, తక్కువ బరువు, పాడైపోని సరుకు, పెద్ద మార్జిన్. బామ్‌కు ఇవన్నీ అమరాయి. అమృతాంజనం నాగేశ్వరరావును లక్షాధికారిని చేసింది. అప్పటి లక్ష.

సరిగ్గా ఇవే సంవత్సరాల్లో భూమికి అవతల వైపు ఇంకో మందుల షాపాయన ఇదే పని చేస్తున్నాడు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం. సెల్మా అనే చిన్న ఊళ్లో మందుల కొట్టు నడిపి, 1890లో గ్రీన్స్‌బొరోకు మారిన లన్స్‌ఫర్డ్ రిచర్డ్‌సన్. పిల్లల దగ్గు, జలుబుకు మెంథాల్ కలిపి ఒక లేపనం చేశాడు. తన బావ డాక్టర్ జాషువా విక్ పేరును దానికి పెట్టుకున్నాడు. అదే మన విక్స్. రిచర్డ్‌సన్ రెండు డజన్ల దాకా మందులు తయారు చేసి అమ్మితే చివరికి నిలబడింది ఆ ఒక్కటే. ఒకళ్లకొకళ్లు తెలియని ఇద్దరు మందుల వ్యాపారులు దాదాపు ఒకే పదార్థాలతో, ఒకే దశాబ్దంలో, ఒకే రకం సీసా చేశారు. ఇవాళ ఆ రెండూ మన సిరిసిల్ల మెడికల్ షాపులో ఒకే అరలో ఉంటాయి. అట్లాంటాలో పెంబర్టన్ అనే ఇంకో మందుల వ్యాపారి 1886లో తలనొప్పికని చేసిన సిరప్ కోకాకోలా అయింది. ఆయన దాని లాభం చూడకుండానే, హక్కులు అమ్ముకుని, రెండేళ్లకే పోయాడు. మందుల షాపు వెనుక గది ఆ రోజుల్లో ఒక ల్యాబ్, ఒక స్టార్టప్, ఒక జూదం కూడా.

ఇక్కడి దాకా ఇది వ్యాపారంలో గెలిచినవాడి కథే. అలాంటివి మీరు యూట్యూబ్‌లో రోజుకు పది చూస్తారు. నన్ను పట్టుకున్నది దీని తర్వాతి భాగం.

1905 నాటి బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం బొంబాయిని కూడా కదిలించాయి. తిలక్ ఉన్న ప్రాంతం అది. 1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడితే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని ఆపేశారు. ఆ వేడిలోనే, అదే ఏడాది సెప్టెంబరులో, నాగేశ్వరరావు బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలు పెట్టారు. అప్పటికి 41 ఏళ్లు. తెలుగు చదివేవాళ్లలో నూటికి తొంభై మంది పైగా ఉన్నది మద్రాసు రాష్ట్రంలో, నిజాం రాష్ట్రంలో. పేపరు అచ్చయ్యేది అరేబియా సముద్రం ఒడ్డున. వ్యాపార లెక్కల ప్రకారం చూస్తే ఇది తప్పు. ఏ ఎంబీఏ మాస్టారైనా కొట్టేస్తాడు. పేపరు పోస్టులో మన ఊళ్లకు చేరేసరికి వార్త పాతబడుతుంది. అయినా ఆరేళ్లు బొంబాయి నుంచే నడిపించారు. ఏటా ఉగాదికి పెద్ద సంవత్సరాది సంచిక వేయడం కూడా ఆయన తెచ్చిన అలవాటే. కథలు, వ్యాసాలు, బొమ్మలతో వచ్చే ఆ సంచికల కోసం చదువరులు ఎదురు చూసేవారు. ఇప్పటి దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికలన్నిటికీ అది పెద్దన్న.

1914లో పేపరును మద్రాసుకు మార్చారు. ఆ ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రిక అయింది. నాలుగు నెలలు తిరక్కుండానే యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం. మన సైనికులు బస్రాలో, ఫ్రాన్స్‌లో పోరాడుతున్నారు. ఆ వార్త తెలుగులో రోజూ తెలియాలంటే ఒక పేపరు ఉండాలి, అది అప్పటికే సిద్ధంగా ఉంది. ఇది ముందుచూపు కాదు, అదృష్టమే. కానీ రోజూ పేపరు అచ్చు వేయాలంటే కాగితం, అచ్చు అక్షరాలు, విలేకరులు, టెలిగ్రాం ఖర్చు, పోస్టేజీ. అమ్మకం డబ్బుతో అది నడవదు. అప్పుడూ నడవదు, ఇప్పుడూ నడవదు. ఇప్పుడైతే ప్రకటనల డబ్బు ఆదుకుంటుంది. అప్పుడు ఆంధ్రపత్రికను ఆదుకున్న పెద్ద ప్రకటనదారు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. తలనొప్పి ఉన్నవాళ్లు సీసా కొంటే ఆ లాభంతో తెలుగు పేపరు నడిచింది. సర్కారుకు ఇష్టం లేని మాట రాసినా జీతాలు ఆగలేదు. ఎందుకంటే సీసా సర్కారు చేతిలో లేదు. వ్యాపారం ఇచ్చే స్వేచ్ఛ అంటే నాకు తెలిసి ఇదే.

1924 జనవరిలో భారతి మాసపత్రిక. సాహిత్యం, చరిత్ర, శాసనాలు, భాషాశాస్త్రం లాంటి గట్టి సరుకు. తెలుగులో రాసే ప్రతివాళ్లూ భారతిలో ఒక్కసారైనా అచ్చు కావాలని కలగనేవారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల. పాత పుస్తకాలను పండితులతో సరిచూయించి, తక్కువ ధరకు అచ్చు వేయించడం దాని పని. అందులో తొలినాళ్లలో వచ్చిన పుస్తకం మన తెలంగాణ కవిది: పాల్కురికి సోమనాథుడి బసవపురాణం. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించి, పెద్ద పీఠిక రాశారు. వేములవాడ రాజన్న గుడికి పోయే మనకు శివకవుల పేర్లు కొత్త కావు. కానీ జనగామ దగ్గరి పాలకుర్తిలో పుట్టిన కవి పుస్తకం శాస్త్రీయంగా అచ్చయి చేతికొచ్చింది మద్రాసులో ఒక బామ్ వ్యాపారి డబ్బుతో. సోమనాథుడి గురించి ఇవాళ ఏ పీహెచ్‌డీ అయినా ఆ ప్రతి దగ్గరికి వెళ్లక తప్పదు.

ఇంకో తెలంగాణ ముడి కూడా ఉంది. మునగాల సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టడంలో ముఖ్యులు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం, అంటే ఎన్‌సైక్లోపీడియా, తయారు చేయాలన్నది ఆయన జీవితాశయం. కొన్ని సంపుటాలు తెచ్చి, 1923లో, 46 ఏళ్లకే చనిపోయారు. పని మధ్యలో ఆగింది. ఆగిన పనిని మళ్లీ ఎత్తుకున్నది నాగేశ్వరరావే. ఎత్తుకున్నంత మాత్రాన అదీ పూర్తి కాలేదు. ఒక మనిషి డబ్బుతో, ఒక మనిషి ఆయుష్షులో ఎన్‌సైక్లోపీడియా పూర్తి కాదని ఇద్దరి అనుభవమూ చెబుతోంది. వికీపీడియా లాగా వేల చేతులు కావాలి. మీలో ఎవరైనా తెలుగు వికీలో రాస్తున్నట్లయితే మీది ఆ లైనే.

రాజకీయాల గురించి త్వరగా చెప్పేస్తాను. 1924 నుంచి పదేళ్ల పాటు ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అప్పటికి వయసు అరవై దాటింది, కోట్లు విలువ చేసే పేరు, కంపెనీ ఉన్నాయి. ఎవరినైనా పంపి తాను వెనుక ఉండొచ్చు, ఉండలేదు. జైల్లో కూర్చుని భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. దేశోద్ధారక, విశ్వదాత అని జనం పిలుచుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది.

1937 నవంబరు 16న మద్రాసులో ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. విశ్వవిద్యాలయం, నీళ్లు, సీట్లు, రాజధాని, హైకోర్టు విషయాల్లో రాయలసీమకు ఇచ్చిన హామీలు అవి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు శ్రీబాగ్ ఒడంబడిక అని గుర్తుపడతారు. ఆ గదిలో తెలంగాణ లేదు, మనం అప్పుడు నిజాం కింద ఉన్నాం. మనకు 1956 పెద్దమనుషుల ఒప్పందం ఎలాంటిదో, సీమవాళ్లకు శ్రీబాగ్ అలాంటిది. ఇచ్చిన హామీల మీద పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. దానికి ఇల్లు ఇచ్చిన పెద్దాయన్ని తప్పు పట్టాలా? నేనైతే పట్టను. అందరూ కూర్చుని మాట్లాడటానికి ఒప్పుకున్న ఇల్లు అది. ఆ తర్వాత మాట నిలబెట్టుకోవాల్సింది మిగతావాళ్లు.

ఈ సందడిలో కంపెనీని గాలికి వదిలేయలేదు. ఉద్యమంలో తిరిగే వ్యాపారులు చాలామంది దుకాణం ముంచుకున్నారు. ఈయన 1936లో అమృతాంజనాన్ని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ చేశారు. చనిపోవడానికి రెండేళ్ల ముందు. తన తర్వాత ఒక్కరి దయ మీద కాకుండా సంస్థగా నడవాలన్న ఏర్పాటు అనుకోవచ్చు. 1938 ఏప్రిల్ 11న, 71 నిండడానికి ఇరవై రోజుల ముందు పోయారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు కంపెనీని, పేపరును రెంటినీ అందుకుని నడిపించారు.

మీలో కొందరు ఇప్పుడు ఏం చేస్తున్నారో నాకు ఊహ ఉంది. డిగ్రీ అయి మూడేళ్లు. నోటిఫికేషన్ కోసం ఎదురు చూపు. మధ్యలో మేనమామ మెడికల్ షాపులోనో, బాబాయి బట్టల దుకాణంలోనో కూర్చుంటే, బీటెక్ చేసి ఇక్కడ కూర్చున్నావా అని దారిన పోయేవాళ్లు అడుగుతారు. ఆ మాట అడిగేవాళ్లకు చెప్పడానికి 1891 నాటి మద్రాసు డిగ్రీవాడు ఒకడు కలకత్తా మందుల వ్యాపారంలో పని నేర్చుకున్న సంగతి పనికొస్తుంది. ఆయన ఆ పనిని చిన్నతనంగా చూడలేదు. పేరు వచ్చాక కూడా ఇది నా పాత పని అని దాచుకోలేదు. పేపరు ఎడిటరుగా, కాంగ్రెస్ అధ్యక్షుడిగా, జైలు ఖైదీగా ఉన్న రోజుల్లోనూ సీసా వ్యాపారం నడుస్తూనే ఉంది. సరుకు తెలియడం, కొలత తెలియడం, ఎవరికి ఎప్పుడు నొప్పి పుడుతుందో తెలియడం. ఇది కోర్సుగా దొరికేది కాదు, గల్లా దగ్గర కూర్చుంటే వచ్చేది. మీరు ఇప్పుడు కూర్చున్న చోట అది దొరుకుతోందా లేదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి. అన్ని గల్లాలూ నేర్పవు.

ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది, షేరు మార్కెట్లో దాని పేరు కనిపిస్తుంది. చెన్నై లజ్‌లో ఆయన పేరుతో నాగేశ్వరరావు పార్కు ఉంది, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లతో నిండి ఉంటుంది. ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది.  అవి దొరికితే వార్తల కంటే ముందు ప్రకటనల పేజీలు చూడండి. ఆ కాలం మందుల వ్యాపారులు ఏ మాటలతో, ఏ బొమ్మలతో సరుకు అమ్మారో అక్కడ కనిపిస్తుంది.